రాణికి గొంతిచ్చిన మారెక్క

తిప్పేష్ చేసే పనిని ఏమనాలో అతని ఊరివాళ్లకు ఈనాటికీ తెలియదు. విడపనకల్లు బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ అంగడి ఉంది కాబట్టి, అడిగినవాళ్లకు జిరాక్స్ తిప్పేష్ అని చెబుతారు. కానీ ఇటు గుంతకల్లులోనూ అటు బళ్లారి దాకానూ అతన్ని ఎరిగినవాళ్లు ఎరిగింది జిరాక్సు వల్ల కాదు. పాత నలుపు తెలుపు సినిమాల్లోంచి రాజులూ రాణులూ ఉన్న ముక్కలు తీసుకుని, వాళ్ల మాటలు తీసేసి, ఆ చోట మన మాటలు పెట్టి సెల్లులో వదులుతాడు. కిరీటం పెట్టుకున్న మహారాజు సింహాసనం మీద కూర్చుని, బోరు ఎన్నడుగులు దిగినాది మంత్రీ అని అడుగుతాడు. మంత్రి చేతులు కట్టుకుని, ఆరునూర్లు పోయినాం ప్రభూ, దుమ్ము తప్ప ఏమీ రాలేదు అంటాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నిజంగా ఆరునూర్లడుగులు దిగి నీళ్లు పడనివాళ్లే అందరికంటే ఎక్కువ నవ్వారు. అదేం చిత్రమో నేను చెప్పలేను.

ఈ పిచ్చి అతనికి గుంతకల్లులో పట్టుకుంది. అక్కడ కేబుల్ టీవీ ఆఫీసులో పన్నెండేళ్లు పనిచేశాడు. మధ్యాహ్నం పూట పాత సినిమాలు వేయడం అతని వంతు. వేసి, లేచి పోకుండా వాటినే చూస్తూ కూర్చునేవాడు. ఏ రాజు ఎన్నో నిమిషానికి కత్తి దూస్తాడో, ఏ రాణి ఎప్పుడు మూర్ఛపోతుందో అతనికి నోటికి వచ్చు. కేబుల్ ఆఫీసు మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చి అంగడి పెట్టుకున్నాడు.

మొదట్లో మగ గొంతులన్నీ తానే చెప్పి, రాణి మాటలు భార్య జయంతితో చెప్పించేవాడు. జయంతి డిగ్రీ చదివిన మనిషి. రాసిచ్చింది రాసిచ్చినట్టు పాఠం ఒప్పజెప్పేది. ఒకరోజు ఆమె అలా చెబుతుంటే, చాటకోసం వచ్చిన తిప్పేష్ వదిన మారెక్క గుమ్మంలో నిలబడి విని ఊరుకోలేకపోయింది. రాణి అయితే మాత్రం, మొగుడు వేటకని పోయి మూడు దినాలకొస్తే అంత మెత్తగా మాట్లాడుతుందా అని అడిగి, ఎలా మాట్లాడుతుందో అక్కడే మాట్లాడి చూపించింది. కుందేలు తెచ్చినావా లేక ఉత్త మీసం తెచ్చినావా అని మొదలుపెట్టి రాజుగారి ఏడు తరాలనూ కడిగి ఆరేసింది. జయంతి నవ్వలేక కింద కూర్చుండిపోయింది. ఆ రోజు నుంచి రాణి గొంతు మారెక్కదే.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మారెక్క నోరు మంచిదని ఎవరూ అనలేదు, అయినా ఆ నోటితోనే ఊరిని నవ్వించుకుంటూ బతికింది. గొర్రెలు కాచుకునే ఇంట పుట్టింది, బడి మొహం చూడలేదు. తిప్పేష్ అన్న కొండప్పను చేసుకుని ఆ ఇంటికి వచ్చేనాటికి తిప్పేష్ ఏడో తరగతి. అతనికి తల్లి లేదు. అన్నం పెట్టిందీ ఆమే, వీపు మీద ఒకటి పెట్టిందీ ఆమే.

రికార్డు చేయడానికి వాళ్లకు ఒకటే చోటు, కొండప్ప ఇంట్లో శెనక్కాయ మూటలు వేసే గది. చుట్టూ గోడలెత్తు మూటలుంటే గొంతు గుండ్రంగా, మెత్తగా వస్తుంది, గదిలో మోగదు. ఈ సంగతి కనిపెట్టింది తిప్పేషే. ఆ మూటల మధ్య చెమటలు కక్కుకుంటూ వదినా మరిదీ రాజ్యాలేలారు. కొండప్ప బయట మంచం మీద కూర్చుని, వినిపించిన మాటకల్లా తనలో తాను నవ్వుకునేవాడు. ఒకసారి తిప్పేష్ మొహమాటపడుతూ, నువ్వు ఉత్తుత్తిగా అన్న మాటలు కూడా పెట్టుకోవచ్చా వదినా అని అడిగాడు.

“నా నోరు నీ సొత్తే పో మరిదీ,” అంది మారెక్క. “దాంట్లోంచి ఏమొస్తే అది తీసుకో. మళ్లా మళ్లా అడగాకు.”

ఆ మాటను అతను దాచుకున్నాడు. తర్వాత జరిగిన తప్పుకు అదే మొదలు.

నిరుడు కాక ముందటేడు శ్రావణంలో కొండప్ప చనిపోయాడు. పొద్దున తొమ్మిదికి కరెంటు వచ్చిందని బోరు దగ్గరికి వెళ్లి స్టార్టరు మీద చెయ్యి వేశాడు. రాత్రి జల్లు పడి నేల తడిగా ఉంది, కాళ్లకు చెప్పులు లేవు. ఇంట్లో కొత్త చెప్పులు ఉన్నాయి. అరిగిపోతాయని, పెళ్లిళ్లకు పనికొస్తాయని కవరులో చుట్టి అటక మీద పెట్టుకున్నాడు.

ఆ ఊళ్లలో చనిపోయినవాళ్ల దగ్గర ఉత్త కన్నీళ్లు పెట్టుకుంటే చాలదు. ఆడవాళ్లు తల దగ్గర కూర్చుని, పోయిన మనిషితోనే మాట్లాడుతూ రాగం తీసి ఏడవాలి. పొగడాలి, నిష్ఠూరం ఆడాలి, తిట్టాలి కూడా. మారెక్క ఏడ్చింది. పని కోసం బెంగుళూరు పోయి రాలేకపోయిన బంధువులకు పంపాలని తిప్పేష్ సెల్లు పట్టుకుని అంతా తీశాడు. ఇప్పుడు ప్రతి చావుకూ ఎవరో ఒకరు అలా తీయక తప్పదు. సెల్లు పట్టుకున్న చెయ్యి వణకకూడదు కాబట్టి, ఏడుపు ఆపుకోవడానికి అతనికది పనికొచ్చింది.

“మోటరుకు మొక్కను పోయినట్ల చెప్పుల్లేకుండా పోతివే నా సామీ,” అని ఏడ్చింది మారెక్క. “అరుగుతాయని ఎత్తిపెడ్తివే, అటక మీద ఎలకలు కాపలా కాస్తాండాయే. ఎవరు తొడుక్కోవాల నా సామీ నీ చెప్పులు, ఎవరు తొడుక్కోవాల.”

ఆ తర్వాత ఆమె మూటల గదిలోకి రాలేదు. కొన్నాళ్లు నన్ను అడగొద్దప్పా అంది, అతనూ అడగలేదు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. శెనక్కాయ ఊడలు దిగక ముందే మాడిపోయింది. గదిలో మూటలు లేవు, తిప్పేష్ ఒక్కడే రాజూ మంత్రీ అయి మాట్లాడితే గోడలు తిరిగి పలికాయి. బావిలో కూర్చొని మాట్లాడతాండావా అన్నా అని చూసినవాళ్లు రాశారు. రాణి యాడ పోయినాదన్నా అని అంతకంటే ఎక్కువమంది రాశారు. ఏడు నెలలు రోజూ అదే ప్రశ్న.

ఒక మధ్యాహ్నం అంగడిలో బేరం లేక అన్న మొహం చూసుకుందామని ఆ చావు వీడియో తెరిచాడు. వదిన ఏడుపు విన్నాడు. ఎలకలు కాపలా కాస్తాండాయే అన్న దగ్గర, కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే, అతనికి నవ్వొచ్చింది. అంత దుఃఖంలోనూ ఆమె అంత మాట అనగలిగిందే అని ముచ్చటేసింది. యుద్ధంలో పడిపోయిన రాజు మీద పడి రాణి ఏడ్చే ముక్క ఒకటి అతనికి వెంటనే గుర్తొచ్చింది. ఆ రాజు కాళ్లకు కూడా చెప్పులు లేవు. చెడ్డ బుద్ధితో చేశాడని నేననను. పనిమంతుడికి పని కనబడితే కళ్లు మూసుకుపోతాయి. రాణి పెదవులకు మాటలు అతికినట్టు సరిపోయాయి. నా నోరు నీ సొత్తే అందిగా వదిన అనుకున్నాడు, అడగలేదు, వదిలాడు.

అంతకు ముందు ఏ వీడియోనూ అంతమంది చూడలేదు. మూడు రోజుల్లో లక్షలు దాటింది. ఎవరు తొడుక్కోవాల నీ చెప్పులు అన్న మాట జనం నోట్లో పడింది. గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచినవాళ్లు ఆ మాటే అన్నారు, చెప్పుల అంగళ్లవాళ్లు దాన్నే పాటలా పెట్టుకున్నారు. చీరలు కట్టుకున్న కాలేజీ మగపిల్లలు ఆ గొంతుకు పెదవులు కదుపుతూ గుండెలు బాదుకున్నారు.

మారెక్కకు సెల్లు లేదు. ఉపాధి పనిలో గుంట తవ్వుతూ, మధ్యాహ్నం రొట్టె తినడానికి ఆడవాళ్లంతా కూర్చున్నప్పుడు, పక్కూరి పిల్ల ఒకతి అందరికీ కనబడేలా సెల్లు పెట్టింది. తెలిసినవాళ్లు వద్దని సైగ చేసేలోపే రాణి ఏడుపు మొదలైంది. తెలియనివాళ్లు పడీపడీ నవ్వారు. మారెక్క ఆఖరు దాకా విని, రొట్టె మడిచి గుడ్డలో పెట్టుకుని, గంప ఎత్తుకుని పనిలోకి దిగింది.

సంగతి సాయంత్రానికి తిప్పేష్‌కు చేరింది. అప్పుడు గానీ అతనికి కళ్లు తెరుచుకోలేదు. ఉన్నపళాన వీడియో తీసేసి ఆమె దగ్గరికి పరుగెత్తాడు. తిడుతుందని ఆశ. చాటతో కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె కొట్టం ముందు కూర్చుని కందులు చెరుగుతోంది.

“తీసేసినాను వదినా,” అన్నాడు.

“యాడ తీసేసినావు?”

“నా దాంట్లో.”

“ఆ పిల్ల సెల్లులో ఉండాది కదప్పా.” ఆమె చెరగడం ఆపలేదు. “ఆ పొద్దు నేను మీ అన్నతో మాట్లాడితిని తిప్పేషా. ఊరితో కాదు. నీకు నోరిచ్చినా గానీ, ఏడుపియ్యలేదు.”

అతను ఆమె కాళ్లు పట్టుకున్నాడు. లేయప్పా, జయంతి ఎదురుచూస్తుంటుంది అని పంపించేసింది. ఆ తర్వాత కూడా కనబడితే అన్నం తిన్నావా అని అడిగేది, జవాబు విని వెళ్లిపోయేది. ఊళ్లో ఆ ఎండాకాలం ఇద్దరు పోయారు. రెండిళ్లకూ మారెక్క వెళ్లింది, చెంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది, వచ్చింది. ఆమె ఏడవడం మానేసిందని అందరికంటే ముందు తిప్పేష్‌కే అర్థమైంది, ఎవరితోనూ అనలేక లోపల్లోపలే కుమిలిపోయాడు.

అప్పటికి ఆమె తల్లి వన్నూరమ్మ మంచాన పడి ఉంది. కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న చిన్న ఊరు వాళ్లది. చుట్టుపక్కల ఎవరింట చావు జరిగినా వన్నూరమ్మ ఏడ్చి వచ్చేది, కూతురికి నేర్పింది కూడా ఆమే. ఆ ఊళ్లో కూతురి ఏడుపు వినపడందే తల్లి శవాన్ని ఎత్తరు. వన్నూరమ్మ పళ్లు లేని నోటితో అందరికీ చెప్పుకునేది, నాకేం భయంలేదప్పా, నా మారి ఏడిస్తే కర్నాటకకు వినపడాల అని. తిప్పేష్ ఆ మాట విన్న ప్రతిసారీ తల దించుకునేవాడు. ఆ ఒక్క రోజు వదిన గొంతు విప్పితే, తను చేసింది ఎంతో కొంత మాసిపోతుందని అతని ఆశ. లేకపోతే ఆ ముసలామె అడిగిన ఒకే ఒక్క కోరికను తాను చెడగొట్టినట్టు.

మొన్న మాఘంలో వన్నూరమ్మ పోయింది. తిప్పేష్ అందరికంటే ముందు ఆ ఊరు చేరాడు. ఒక గంప తీసుకుని ఇంటింటికీ తిరిగాడు. శవం లేచేదాకా మీ సెల్లులు ఈ గంపలో వేయండప్పా అని వయసు పిల్లలను బతిమాలాడు. గిరి అనే కుర్రాడు సెల్లు వేస్తూ, చెప్పులు కూడా వేయాల్నా అన్నా అని నవ్వాడు. తిప్పేష్ అన్నిటి మీదా తన సెల్లు కూడా వేసి, గంపను పక్కింట్లో పెట్టి బీగం వేయించాడు.

మారెక్క వచ్చి తల్లి తల దగ్గర కూర్చుంది. గోడలకేసి, కిటికీకేసి, అందరి చేతులకేసి చూసింది. తిప్పేష్ తన రెండు చేతులూ ఎత్తి, ఖాళీ జేబులు బయటికి లాగి చూపించాడు. ఆమె తల్లి చెంప మీద చెయ్యి వేసింది.

“అమ్మా,” అని రాగం ఎత్తుకుంది.

 గుమ్మంలో ఉన్నవాళ్లు లోపలికి వంగారు. ఆడపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. వాళ్ల మొహాల్లో దుఃఖం లేదు, చెడుతనమూ లేదు, ఇప్పుడు ఏం మాటంటుందో అన్న ఆత్రం మాత్రం ఉంది. వాళ్లంతా రాణిని వినడానికి వచ్చారు. మారెక్క ఆ మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చి తిప్పేష్ దగ్గర ఆగింది. అప్పుడు తెలిసింది అతనికి. తానూ ముందుకు వంగి, తల ఒక పక్కకు వంచి, తర్వాతి మాట ఎలా పడుతుందా అని చెవి రిక్కించుకుని ఉన్నాడు.

మారెక్క నోరు మూసుకుంది.

ఆమె మేనమామ నరసింహప్ప ముందుకొచ్చాడు. ఎండ ఎక్కుతాంది, ఒక్క మాటన్నా ఏడువు మారీ, ఎత్తాల అన్నాడు. మారెక్క చెంగుతో తల్లి మొహం తుడిచి, పైకి లేచి పక్కకు జరిగింది.

“ఎత్తండి మామా,” అంది.

నరసింహప్ప శవాన్ని ఎత్తడానికి నలుగురినీ పిలిచాడు.