ఎదిగే పిల్లాడి కోటు

కరోనా తర్వాత స్కూళ్లు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, మాఘమాసం పెళ్లిళ్లకు ముందు, జగ్గయ్యపేటలోని మా టైలరింగ్ షాపు నుంచి నన్ను నందిగామ బ్రాంచికి పంపారు. హోదా కటింగ్ మాస్టర్. కొలతలు తీసి గుడ్డ కోసేది కటింగ్ మాస్టరు. అతని కింద కోటు కుట్టేవాళ్లు, వాళ్ల తర్వాత ప్యాంట్లవాళ్లు, ఆ తర్వాత చొక్కాలవాళ్లు. కత్తెర పట్టినవాడి మాటే షాపులో చెల్లుతుంది, తేడా వస్తే చీవాట్లూ వాడికే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు కాబట్టి ఆ చీవాట్లు నా దాకా వచ్చేసరికి కొంచెం మెత్తబడేవి.

ఒకరోజు జగ్గయ్యపేట నుంచి సుబ్బారావు గారు వచ్చారు. కిరాణా హోల్‌సేల్ వ్యాపారి, మా పాత ఖాతాదారు. వెంట ఆయన తల్లి వెంకటరత్నమ్మ గారు, కొడుకు సాయితేజ ఉన్నారు. పిల్లాడు నందిగామ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో పదో తరగతి. ఫేర్‌వెల్ రోజు సాయంత్రం ఫార్మల్ డ్యాన్స్ పెట్టారట. జంటలుగా చెయ్యాలి, మగపిల్లలకు సూటు తప్పనిసరి. ఇతను పొడుగు, సూటులో బాగుంటాడని ముందు వరసలో నిలబెట్టారు. డ్రెస్ రిహార్సల్లో ఎవరి బట్టలు బాగా లేకపోతే వాళ్లు వెనక వరసకు పోవాల్సిందేనని డ్యాన్స్ టీచరు ముందే చెప్పేసింది.

నేను టేపు తీయకముందే పెద్దావిడ షరతులు మొదలయ్యాయి.

"ఎదిగే పిల్లాడు మాస్టారూ. వచ్చే ఏడు వాళ్ల బాబాయి పెళ్లుంది, దానిక్కూడా ఇదే వెయ్యాలి. ఒళ్లు వదులుగా పెట్టండి. పొడుగు నాలుగు వేళ్లు ఎక్కువుంచండి. చంకల దగ్గర బాగా కిందకి కొయ్యండి, చెయ్యి ఆడాలిగా."

ఆవిడ వెరైటీగా ఏమీ అడగలేదు. మా ప్రాంతంలో పిల్లల బట్టలకు రెండు కొలతలుంటాయి. ఒకటి పిల్లాడిది, ఇంకోటి వాడు రెండేళ్ల తర్వాత కాబోయే మనిషిది. ఇంట్లోవాళ్లు ఎప్పుడూ రెండోదే కుట్టించుకుంటారు.

ఆవిడ రంగులు చూడ్డానికి అటు తిరగ్గానే సాయితేజ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మా క్లాసులో నన్ను హ్యాంగర్ అంటారంకుల్. బట్టలు తగిలించినట్టు ఉంటాయని. లూజు కోటేసుకుని ముందు నిలబడేకంటే నేను అసలు పోను."

వాడు అంటే అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. జాలేసింది. అయినా డబ్బిచ్చేవాళ్లు ఒకరు, తొడుక్కునేవాడు ఇంకొకడు అయినప్పుడు మధ్యేమార్గం పట్టడం మా వృత్తిలో అలవాటు. ఒంట్లో వదులు కొంచెం తగ్గించాను. పొడుగూ చంకా పెద్దావిడ చెప్పినట్టే కోశాను.

చంక కిందకి కోస్తే చెయ్యెత్తినప్పుడు కోటంతా పైకి లేస్తుందని నాకు తెలియక కాదు. కానీ మా ఊళ్లలో సూటంటే రిసెప్షన్ స్టేజీ మీద నిలబడి, వచ్చినవాళ్లకు చెయ్యి కలిపి, ఫొటోలు దిగడానికి. చెయ్యి భుజం దాటి పైకి లేచే సందర్భమే రాదు. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లికొడుకూ దాని గురించి ఫిర్యాదు చేయలేదు.

కోటుకు రెండు ట్రయల్స్ ఉంటాయి. మొదటిది కచ్చా ట్రయల్. ముక్కలన్నిటినీ తెల్లదారంతో పెద్ద పెద్ద కుట్లు వేసి ఒంటి మీద చూస్తాం. జేబులు అప్పటికింకా కొయ్యం. ఆ ట్రయల్‌కీ ముగ్గురూ వచ్చారు. అద్దం ముందు సాయితేజ నిటారుగా నిలబడితే కోటు పర్వాలేదనిపించింది. వాడి మొహం మాత్రం విప్పారలేదు.

"డ్యాన్సులో ఇలా నిలబడం కదంకుల్," అన్నాడు.

"అయితే చేసి చూపించు," అన్నాను కొంచెం విసుగ్గానే. వాడు తండ్రి వైపు చూసి, ఒక్కడే ఎలా చేస్తానని, జోడీ ఉండాలని నసిగాడు.

బెంచీ మీద కూర్చున్న వెంకటరత్నమ్మ గారు సంచి పక్కన పెట్టి లేచారు. కొంగు నడుముకు బిగించి చెయ్యి చాపారు. "పట్టుకోరా. ఏం చెయ్యాలో చెప్పు."

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సుబ్బారావు గారు ఆత్రంగా వీధి వైపు చూశారు, జగ్గయ్యపేట వాళ్లెవరైనా అటుగా పోతున్నారేమోనని. మనవడు రెండడుగులు ముందుకేసి, ఒకడుగు పక్కకేసి, నాయనమ్మ చెయ్యి పైకెత్తి ఆవిణ్ణి గుండ్రంగా తిప్పాడు. అంతే, కోటు మొత్తం పైకి లేచి కాలరు వాడి చెవుల దాకా వచ్చింది.

ఆవిడ తిరగడం పూర్తిచేసి మరీ ఆగారు. "ఇదేం కోటు మాస్టారూ, పిల్లాణ్ణి మింగేస్తోంది!"

"మీరు చెప్పిన చంకేనమ్మగారూ," అన్నాను. ఆ అవకాశం వదులుకునేంత మంచివాణ్ణి కాను.

"నే చెప్తే మాత్రం కోసేస్తారా? మాస్టరు మీరా, నేనా?"

షాపంతా నవ్వు. నాకూ నవ్వొచ్చింది. సూటిగా అడగాల్సిన మాటే అడిగారు.

కిందకి కోసిన చంక మీదకి గుడ్డ అతికించలేం. ఉన్న దారి ఒక్కటే, భుజాల కుట్లు విప్పి కోటు మొత్తాన్ని పైకి లాగడం. చంక పైకొస్తుంది, కానీ పొడుగు తగ్గుతుంది. మామూలు కొలతకు కోసిన కోటైతే మరీ పొట్టిదైపోయేది. పెద్దావిడ పట్టుబట్టి ఉంచిన నాలుగు వేళ్ల పొడుగే ఇక్కడ ఆదుకుంది. భుజాలు ఎత్తి, మెడ తిరగకోసి, చేతులు కొత్త చంకకు సరిపెట్టాం. పక్కకుట్లు ఒంటికి తగ్గట్టు లోపలికి పట్టి, మిగిలిన గుడ్డ కత్తిరించకుండా లోపలే మడిచి ఉంచాం. బాబాయి పెళ్లినాటికి కుట్టు విప్పితే సరిపోతుందని చూపించాక పెద్దావిడ శాంతించారు.

రెండో ట్రయల్‌లో నేను అడక్కముందే ఆవిడ కొంగు బిగించారు. ఈసారి చెయ్యి లేచింది, నాయనమ్మ తిరిగింది, కాలరు మెడను వదల్లేదు. "ఇంకోసారి తిప్పరా," అన్నారావిడ. కోటు పరీక్ష అప్పటికే అయిపోయింది. ఆవిడకు సరదా పుట్టింది, అంతే.

ఫేర్‌వెల్ మర్నాడు సుబ్బారావు గారు ఫోన్ చేశారు. పిల్లాడు ముందు వరసలోనే చేశాడట. చివర్లో ఇంట్లోవాళ్లను కూడా రమ్మంటే వాళ్లమ్మను వదిలేసి నాయనమ్మను లాక్కెళ్లాడట. "మాయమ్మకి స్టెప్పులన్నీ ఎట్టా వచ్చినయ్యో అక్కడెవరికీ అర్థం కాలేదండి," అని ఆయన పగలబడి నవ్వారు. నాకు ఆ రోజంతా కోపం రాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఎవరికి కోటు కుట్టినా కచ్చా ట్రయల్‌లో చేతులెత్తించాను, వంగమన్నాను, కూర్చోమన్నాను. పెళ్లికొడుకుల చేత అద్దం ముందే దణ్ణాలు పెట్టించాను. పిల్లల బట్టల విషయంలో పెద్దవాళ్లతో వాదించడం మానేశాను, వాళ్లు అడిగినంత గుడ్డా వదిలాను. కాకపోతే ఆ గుడ్డ కుట్టు లోపల ఉండేది. పైకి మాత్రం పిల్లాడి ఆ రోజు కొలతే.