ఏసోబు మాస్టారి శుక్రవారం గంట

పొద్దున్నే బస్టాండు దగ్గర మదార్ టీ కొట్టులో గ్లాసు అందుకున్నాక, ఏసోబు మాస్టారు వెంటనే తాగరు. ఎదుటివాడు ఏమన్నా సరే, ముందు ఆ మాటను తన మాటల్లో తిరిగి చెబుతారు.

“ఇవాళ పాలు పల్చగా ఉన్నాయి మాస్టారూ,” అంటాడు మదార్.

“అంటే, టీ బాగాలేకపోతే తప్పు గేదెది గాని నీది కాదంటావు. అంతేనా?”

“అంతేనండి!”

ఆ ‘అంతే’ విన్నాకే మొదటి గుక్క.

ఈ అలవాటు పుట్టింది మా ఎనిమిదో తరగతిలో. మాస్టారు మాకు సోషల్ చెప్పేవారు. ఆయనది చిన్న గొంతు. పాఠం ఏకధాటిగా చెబితే వెనక బెంచీలు కునికేవి. ప్రశ్న అడిగితే ఎప్పుడూ అవే రెండు మూడు చేతులు లేచేవి. ఆయనకు విసుగొచ్చి, శుక్రవారం చివరి గంటలో బెంచీలు గుండ్రంగా జరిపించడం మొదలుపెట్టారు. ఒక ప్రశ్న ఇచ్చి, తను కిటికీ పక్కన కూర్చుని, మమ్మల్ని మాట్లాడుకోమనేవారు. షరతు ఒక్కటే. ఎవరి మాటనైనా కాదనే ముందు, ఆ మాటను మన మాటల్లో చెప్పాలి. ఆ మనిషి ‘అంతే’ అనాలి. అనకపోతే మన వంతు పోయినట్టే.

మొదటి వారం అందరి వంతులూ పోయాయి. ఎవరూ ఎవరి మాటా వినలేదు మరి! నెల తిరిగేసరికి, ఎన్నడూ నోరు విప్పని పిల్లలకు గిరాకీ వచ్చింది. బాగా వినేది వాళ్లే కదా. పరీక్ష కాగితాల్లో ‘కొందరు ఇలా అంటారు గాని’ అనే వాక్యాలు కనబడసాగాయి. శుక్రవారం వచ్చిందంటే మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవారు. వారం మొత్తంలో ఆయన తనదనుకున్నది ఆ ఒక్క గంటే.

1972 మొదట్లో, మామిళ్లు పూతమీదున్న రోజుల్లో, ఆయన ఇచ్చిన ప్రశ్న ఇది: “తోటను పూతమీద అమ్మడం మంచిదా, కాయ పట్టాక అమ్మడం మంచిదా?”

ప్రమీలారాణి ముందుగా లేచింది. రెడ్డిగూడెం దారిలో వాళ్లకు పెద్ద తోట ఉంది. “పూతమీదే అమ్మాలండి. ఈసారి మంచుకు పూత మాడిపోతోందట. అందుకే ఈ వారంలోనే హనీఫ్ గారికి అంటగట్టేస్తానని మా నాన్న అమ్మతో అన్నాడు.”

క్లాసంతా సైదాబీ వైపు తిరిగింది. హనీఫ్ గారు తోటల్లో ఆ ఏటి కాపు కొనే వ్యాపారి. సైదాబీ ఆయన కూతురు.

సైదాబీ నిదానంగా నిలబడింది. “అంటే, మాడిపోయే పూతను మా నాన్నకు అంటగడదామని మీ నాన్న అనుకుంటున్నాడు. అంతేనా?”

ప్రమీల షరతు తప్పే పిల్ల కాదు. “అంతే,” అంది.

“అయితే విను. ఆ తోటలో మెరక వైపు చెట్లకు మంచు తగల్లేదని మా నాన్న చూసొచ్చాడు. పైకి మాత్రం పూతంతా పోయిందని చెప్పి చవగ్గా కొట్టేస్తాడట.”

“అంటే, మీ నాన్న కూడా మా నాన్నను ముంచుదామనే చూస్తున్నాడు. అంతేనా?”

“అంతే!”

మాస్టారు కిటికీ దగ్గర తల పట్టుకున్నారు. ప్రశ్న ఇచ్చేటప్పుడు ఎవరి పిల్లలు ఎదురుగా కూర్చున్నారో ఆయనకు తట్టలేదు.

సోమవారం ఇద్దరు తండ్రులూ హెడ్మాస్టరు జగన్నాథరావు గారి గదిలో ఉన్నారు. సాక్ష్యానికని కూతుళ్లను పిలిపించారు. గుమ్మం బయట క్లాసు మొత్తం చేరింది.

“ఏమయ్యా ఏసోబూ, పాఠం చెప్పమంటే ఇళ్లలో గుట్లన్నీ బయట పెట్టిస్తావా?” అన్నారు హెడ్మాస్టరు. “ఇకమీదట నువ్వు మాట్లాడు, వాళ్లు వింటారు. ఆ శుక్రవారం తమాషా ఇవాళ్టితో ఆఖరు.”

“ప్రశ్న ఎంచుకోవడంలో పొరపాటు నాదేనండి,” అన్నారు మాస్టారు. “గంట మాత్రం తీసేయకండి.”

ఈలోగా ప్రమీల తండ్రి ఏడుకొండలు గారు, హనీఫ్ గారు ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటున్నారు. మాస్టారి చిన్న గొంతు వాళ్ల మధ్యలోంచి వినబడింది. “ఏడుకొండలు గారూ, ఇప్పుడు హనీఫ్ గారు ఏమన్నారండి?”

“ఏమంటాడు! నన్ను దొంగ అన్నాడు.”

“నేనెప్పుడన్నానండి ఆ మాట?”

“నాన్నా, ఆయన ‘అంతే’ అనలేదు. నీ వంతు పోయింది,” అంది ప్రమీల.

గుమ్మం దగ్గర కిసుక్కుమన్నారు. హెడ్మాస్టరు మీసం కూడా కదిలింది. ఏడుకొండలు గారు కూతురి వైపు గుర్రుగా చూసి, కుర్చీలో సర్దుకున్నారు. “సరే, మళ్లీ చెప్పవయ్యా హనీఫూ.”

హనీఫ్ గారు ఈసారి మెల్లిగా చెప్పారు. ఏడుకొండలు గారు విని, “పూతమీద కొన్నాక పిందె రాలిపోతే, నువ్వొక్కడివే మునుగుతావంటావు. అంతేనా?” అన్నారు.

“అంతేనండి. మరి మీకేమో కాయ దాకా ఆగితే, గాలివానకు ఖాళీ చెట్లు మిగులుతాయని భయం.”

“అంతేనయ్యా! ఆ భయంతో నాకు నిద్ర పట్టడం లేదు.”

అప్పుడు హనీఫ్ గారే అన్నారు, సగం డబ్బు ఇప్పుడిచ్చి, మిగతా సగం పిందె నిలబడ్డాక ఇస్తానని. ఏడుకొండలు గారు ఆ మాటను తిరిగి చెప్పి మరీ ఒప్పుకున్నారు.

వాళ్లు వెళ్లాక జగన్నాథరావు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. “గంట ఉంచుకో. కాని ఇంటి సంగతులు వినబడ్డాయో, ఊరుకోను.”

ఆ శుక్రవారం నుంచి ‘మా నాన్న’ అనకూడదని కొత్త షరతు వచ్చింది. దాంతో అందరూ “ఒక ఊళ్లో ఒక నాన్న ఉండేవాడండి” అని మొదలుపెట్టేవాళ్లు. ఒక శుక్రవారం హెడ్మాస్టరు గారు వచ్చి గుండ్రంలో కూర్చుని, మధ్యలో మాట అందుకోబోయి, వంతు పోగొట్టుకున్నారు. పక్కనున్న సైదాబీని “మళ్లీ ఎప్పుడొస్తుంది నా వంతు?” అని అడిగారు.

ఇది జరిగి ఏడేళ్లయింది. ఏసోబు మాస్టారు ఇప్పుడూ అదే బడిలో ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతున్నారు. శుక్రవారం చివరి గంట ఆయనదే.