పచ్చసొనతో అమ్మ మొహం

గుడ్డు సొనలో రంగుపొడులు కలిపి బొమ్మలు వేయడం నేను వీడియోలు చూసి నేర్చుకున్నాను. కొన్ని వందల ఏళ్ల కిందట, ఆయిల్ రంగుల వాడకం పెరగకముందు, ఇటలీలో చర్చిల కోసం అలాగే వేసేవారట. నా ఉద్యోగం బందరులో. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి అవనిగడ్డలో అమ్మ దగ్గరికి వెళ్లేదాన్ని. మొట్టమొదట అమ్మ బొమ్మే వేయాలనుకున్నాను.

ఆ కాలం వాళ్లు పడుచు మొహాలకి లేత సొన, వయసు మళ్లిన నల్లని మొహాలకి ముదురు సొన వాడేవారని ఆవిడకి చెప్పడం నాదే బుద్ధితక్కువ.

"అయితే నాకు ఫారం గుడ్డే కొట్టవే. నాటుగుడ్డు వద్దు," అంది.

అమ్మది నలుపు. పెళ్లి ఫోటోలో స్టూడియో ఆయన మొహాన్ని తెల్లగా దిద్దేసి మెడ సంగతి మరిచిపోయాడు. ఆ ఫోటో అంటే అమ్మకి ప్రాణం, నాకు ఒళ్లుమంట. ఎవరు సెల్‌ఫోన్ ఎత్తినా చెంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తప్పుకునే మనిషి, ఈ బొమ్మలోనూ అలా తెల్లగా ఉండాలని ఆశపడింది. నాకేమో అమ్మని అమ్మలాగే వేయాలని పంతం.

ఫారం గుడ్డే తెచ్చాను. సొనలోని పసుపు కొన్నాళ్లకి ఎలాగూ పోతుందని, మొహం రంగంతా నేను కలిపే పొడిలోనే ఉంటుందని చెప్పలేదు. పచ్చసొనని ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి దొర్లించి తడి పోగొట్టాను. పొరని రెండు వేళ్లతో పట్టుకుని పొడిస్తే సొన గిన్నెలోకి జారింది.

సుద్ద పూసిన చెక్క మీద మొహానికి ముందుగా ఆకుపచ్చ వేయాలి. అది చూసి అమ్మ హడలిపోయింది.

"తెల్లగా వెయ్యమంటే పాచి పట్టించావేంటే?"

నవ్వాపుకోలేక కుంచె కింద పెట్టేశాను.

ఈ రంగు గీసిన వెంటనే ఆరిపోతుంది, పులమడం కుదరదు. సన్నటి గీతలు పక్కపక్కనే గీసుకుంటూ పోవాలి. ఆకుపచ్చ మీద ఇటుక రంగు, దాని మీద ముదురు గోధుమ రంగు. కొన్ని ఆదివారాలకి అమ్మ మొహం తేలింది, నల్లగా, నిండుగా. నాకెంత ముద్దొచ్చిందో! కానీ కుర్చీలో కూర్చున్న ఆవిడ కళ్లలో ఆశ చూశాక నా పంతం నీరుగారిపోయింది. నా ముచ్చట కోసం ఆవిడ్ని బాధపెట్టడమెందుకని తెల్లపొడి కలిపాను.

"అమ్మా, ఇక తెల్లగా చేసేస్తాను. ఒకసారి వచ్చి చూడు," అన్నాను.

కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది. బొమ్మ మీదకి వంగి చూసింది. తర్వాత కుంచె పట్టుకున్న నా చేతిని మెల్లగా పక్కకి జరిపింది.

"వద్దులేవే. మా అమ్మ అచ్చం ఇలాగే ఉండేది."

అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఒక్క ఫోటో అయినా తీయించుకోలేదు.