కెనడా కోటలో గౌలిపుర బర్రె

ఛత్రినాక దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను సోషల్ చెప్పేదాన్ని. ఏళ్ల తరబడి టెంపరరీయే. ఆ ఏడు బడి ఎగ్జిబిషన్‌లో ఇన్‌స్పెక్టరు మెచ్చుకుంటే పర్మినెంట్ చేయిస్తానని హెడ్‌మిస్ట్రెస్ మాటిచ్చింది. మిగతా టీచర్లు బుద్ధిగా చార్మినార్, గోల్కొండ బొమ్మలు చేశారు. నాకే తిక్క పుట్టింది. కెనడా మంచులో వేటగాళ్లు బొచ్చుతోళ్లు తెచ్చిచ్చి దుప్పట్లు, గిన్నెలు పట్టుకుపోయే వ్యాపార కోట కడతానన్నాను.

కోటగోడలకు తడికెలు దొరికాయి, మంచుకు దూది దొరికింది. బొచ్చే దొరకలేదు. ఆ ఉక్కపోతలో ఉన్ని టోపీ అడిగితే వాడకట్టంతా నన్ను ఎగాదిగా చూసింది.

చివరికి మాకు పాలు పోసే గౌలిపుర అవ్వ కనికరించింది. ఆమె బర్రెకు దూడ చచ్చిపోతే, ఆ తోలులో గడ్డి కూరి కుట్టించి పెట్టుకుంది. దాన్ని ఎదురుగా నిలబెడితేనే బర్రె నాకుతూ నాకుతూ చేపేది, పొదుగులోకి పాలు దిగేవి.

"పొద్దుగూకే యాళ్లకు తెచ్చియ్యాలె బిడ్డా. లేకుంటే సుక్క పాలియ్యది," అంటూ అవ్వ ఆ గడ్డిదూడను నా చేతికిచ్చింది.

పొద్దున రావాల్సిన ఇన్‌స్పెక్టరు సాయంత్రం వచ్చాడు. నా కోట ముందు నిలబడి, "ఇక్కడ వ్యాపారం ఎలా జరిగేదమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా గేటు దగ్గర లొల్లి మొదలైంది. చూసి చూసి అవ్వ బర్రెనే బడికి తోలుకొచ్చింది. దూడ కనబడ్డాక బర్రె ఆగుతుందా? తాడు విడిపించుకుని, తడికెలు తొక్కి, కెనడా మంచంతా కొమ్ములకు చుట్టుకుని, గడ్డిదూడను నాకసాగింది.

"శేపింది, ఇగ ఆగొద్దు. జర ఆ సారును పక్కకు జరుగుమను," అంటూ అవ్వ కోట నడిమధ్య చెంబు పట్టుకుని కూర్చుంది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అయినా ఉద్యోగం గుర్తొచ్చి, "గిట్లనే సార్. తోలు తెచ్చిస్తే సరుకిస్తరు," అన్నాను. ఇన్‌స్పెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పాలతో కాచిన చాయ్ తాగి, "ఈ టీచర్‌ను వదులుకోకండి," అని హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పి మరీ వెళ్లాడు.

ఆమె నన్ను గదిలోకి పిలిచి భుజం నిమిరింది. "మస్తు చేసినవమ్మా. వచ్చే ఏడు పక్కా పర్మినెంట్. ఫికర్ పెట్టుకోకు," అంది. పోయినేడు కూడా ఇలాగే నిమిరింది. నాకు ఒళ్లు మండిపోయింది. రేపే మానేస్తానని ఇంట్లో అందరికీ చెప్పాను.

మర్నాడు ఫస్ట్ బెల్లుకే క్లాసులో నిలబడి, గొంతు పోయేలా పాఠం చెప్పాను. బర్రెనని ఏం లాభం, నేనూ చేపాను.