అట్ట వెనక జరిపిన వేలు

పద్నాలుగేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. మొదట్లో బరువని తెలియలేదు. పిల్లల క్లాసులో జరిగిన చిన్న విషయం, ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను. నాకే గుర్తుండిపోయింది. మా పాస్టరుగారికి చెప్పలేకపోయాను, మా ఆయనకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కాస్త తేలిక.

తార్నాకలో మా చర్చి హాల్లో పిల్లలకి సంగీతం నేర్పేదాన్ని. ముఖ్యంగా వినడం నేర్పేదాన్ని. కీబోర్డు మీద రెండు స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తే, వాటి మధ్య దూరమెంతో పిల్లలు విని చెప్పాలి. స నుంచి మ దాకానా, స నుంచి ప దాకానా అని. నా వేళ్ళు చూసి చెప్పేస్తారని కీబోర్డు ముందు పాత క్యాలెండర్ అట్ట నిలబెట్టేదాన్ని. గుర్తుండడానికి ఒక్కో దూరానికి ఒక్కో కీర్తన ఎత్తుగడ చెప్పేదాన్ని. కోస్తా నుంచి వచ్చిన మా కుటుంబాల పిల్లలకి ఆ కీర్తనలు ఉగ్గుపాలతో వచ్చినవే.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. యూనివర్సిటీ క్యాంపస్ వైపు నుంచి బాష్పవాయువు గాలొస్తే కిటికీలు మూసి పాఠం చెప్పేదాన్ని. బందులకి స్కూళ్ళు మూతపడితే కొత్త పిల్లలూ వచ్చి కూర్చునేవారు. అలా వచ్చిందే రజిత. పేరు మార్చాను. పదకొండేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. ఆమెకి మా కీర్తనలు రావు. క్యాంపస్ ఊరేగింపుల్లో రోజూ వినే పాటలొచ్చు. నేను చెప్పిన దూరాలన్నిటికీ ఆ పాటలే తగిలించుకుంది. ఏది వాయించినా ఒక ఊరేగింపు పాట గొంతులోనే కూనిరాగం తీసి జవాబు చెప్పేసేది. ఒక్కసారి కూడా తప్పలేదు. నెల తిరక్కుండా మా పిల్లలూ కీర్తనలు వదిలేసి ఆ పాటలే పట్టుకున్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు? ఆ పిల్ల నన్నేం చేసింది? ఆ వారమే ఆఫీసులో ఎవరో మా ఆయన్ని "మీరెప్పుడు పోతరు సార్?" అని నవ్వుతూ అడిగారట. ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఇరవై ఏళ్ళు బతికిన ఊళ్ళో పరాయివాళ్ళమైపోయామన్న భయం, ఆ భయం చూసుకుంటే నా మీద నాకే కోపం, అదంతా ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు. అడిగినవాడి ముందు నోరెత్తే ధైర్యం లేదు. ఈ పిల్ల దొరికింది.

సికింద్రాబాద్‌లో పేరున్న సంగీతం మాస్టారొకాయన మా క్లాసు నుంచి ఒక్కరిని చేర్చుకుంటానన్నారు. పరీక్ష పెట్టి ఎవరిని పంపాలో నన్నే తేల్చమన్నారు. చివరికి ఇద్దరు మిగిలారు. మా వైపు అమ్మాయి ఒకతె, రజిత.

స-మ వాయించాను.

"స-మ, టీచర్," అంది రజిత వెంటనే.

"కాదు," అన్నాను. నోరు జారి కాదు, తెలిసే అన్నాను.

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "మల్లొక్కసారి కొట్టుండ్రి టీచర్."

అట్ట వెనక నా వేలు పక్క మెట్టు మీదికి జరిపాను. ఈసారి స-ప వాయించాను.

కళ్ళు మూసుకుని వింది.

"అవు టీచర్. గిది స-పనే. నేనే తప్పు విన్న."

రెండోదీ సరిగ్గానే వింది, చూడండి. అంత మంచి చెవిని పక్కన పెట్టి నా మాట నమ్మింది. "చెవి ఇంకా కుదరలేదమ్మా," అని జాలిగా కూడా అన్నాను. ఆ జాలి తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను. మర్నాటి నుంచి ఆమె రాలేదు. నేను పంపిన అమ్మాయి రెండు నెలలకే మానేసింది. రజితని వెతికి నిజం చెప్పడానికి హాస్టల్ మెస్సు దాకా నడిస్తే సరిపోయేది. ఇరవై నిమిషాల దారి. ఎందుకు నడవలేదు? రేపు, రేపు అనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను.

పోయిన వారం మందుల షాపు దగ్గర "టీచర్!" అని ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. రజితే. పక్కన నాలుగేళ్ళ కూతురు. పాడుతున్నావా అని అడిగాను.

"ఏడ పాడుడు టీచర్! నాకు చెవి లేకపాయె గదా. గప్పుడే ఇడిసిపెట్టిన." ఏ కోపమూ లేకుండా నవ్వింది. "నా బిడ్డ మంచిగ పాడుతది. దీనికన్న చెవి ఉన్నదో లేదో మీరే జర చూసి చెప్పుండ్రి."

ఆదివారం తీసుకురమ్మన్నాను.

కీబోర్డు తుడిచి పెట్టాను. అట్ట తీసేశాను. రజిత ముఖం చూసి చెప్పగలనో లేదో తెలియదు. నా సంగతి నాకు తెలుసు, మళ్ళీ రేపు అంటానేమో. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఆ బరువు కాస్త తగ్గినట్టుంది, అంతే.

ఆ రోజు మొదటిసారి నేను వాయించింది స-మ. రజిత సరిగ్గానే వింది.