రెండువందల పద్నాలుగో వరుస

తొకుజి చేతికి కళ్లున్నాయనేవారు. ఇవాతె కొండల దిగువన, వరి పరిశోధన కేంద్రంలో నలభై ఏళ్లుగా అతని పని ఒక్కటే: మడిలో దిగి కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరడం. వరుసలో ఒక్క మొక్క తేడాగా ఎదిగినా, కంకి ఎర్రబారినా, వేళ్లతో సహా పీకి మంటలో వేసేవాడు.

ఆ ఏడు శాస్త్రవేత్త రిత్సుకో మూడువందల పాత వరి రకాలను ఒక్కో వరుస చొప్పున నాటించింది. ఆకుముక్కలు తీయించి, ఏ రకం జన్యువుల్లో ఏ తేడా ఉందో చదివించడానికి పంపింది. పూత వేళ వీచే చలిగాలిని తట్టుకునే తేడా దొరికితే కొత్త వంగడంలోకి తేవాలని ఆమె ఆశ.

"ఎంత వంకర మొక్కైనా ముట్టుకోకండి తొకుజి గారూ," అని చెప్పింది కూడా.

చెబితే మాత్రం? నలభై ఏళ్ల చెయ్యి మాట వింటుందా! 214వ వరుస నిండా ఎర్ర మీసాల కంకులు కనబడగానే కలుపు వరి చొరబడిందనుకున్నాడు. పీకాడు, కాల్చాడు, చేతులు కడుక్కున్నాడు.

వారానికి ఫలితాలొచ్చాయి. ఇంకే రకంలోనూ లేని తేడా ఒకటి 214లో ఉంది. రిత్సుకో పరుగున వచ్చి ఖాళీ వరుస ముందు కూలబడింది.

"నేనే పీకానమ్మా," అన్నాడు తొకుజి.

"చలిలో దాని గింజ నిండుతుందో లేదో చూడాల్సింది... ఉన్న విత్తనమంతా అదేనండీ."

"ఎక్కడిదది?"

"కొసావా అని, కొండపల్లె."

తొకుజి ఖాళీ వరుసకేసి చూశాడు. అది అతను పుట్టిన ఊరు. బడిలో పిల్లలు నవ్వుతారని డబ్బా మూత చాటున తిన్న అమ్మ ఎర్రన్నం అది! సిగ్గుపడ్డాడు, మరిచిపోయాడు, చివరికి తన చేత్తోనే తగలబెట్టాడు.

మర్నాడే కొసావాలో అక్క సుయె ఇంటికి వెళ్లి అంతా చెప్పాడు.

"పీకేటప్పుడైనా గుర్తురాలేదుట్రా?"

"లేదక్కా."

"బాగుంది సంబడం! మోకాళ్లు పడిపోయి నేనూ ఈ ఏడు నాటలేదు." సుయె అమ్మ పటం ముందు నుంచి చిన్న కంకుల కట్ట తీసింది. ఏటా తొలిపంటలో అమ్మకు పెట్టే వాటా అది. "నిరుటిది, ఇదే ఆఖరు. తీసుకెళ్లు. అమ్మను పస్తు పెడుతున్నాం, గుర్తుంచుకో."

మరుసటి ఏడు ఆ గింజలనే రిత్సుకో 214వ వరుసలో నాటించింది; పూత వేళ చలిగాలి కొట్టింది. చుట్టూ వరుసలు తాలుపోతే 214 మాత్రం గింజ పట్టింది. కొత్త వంగడానికి ఇంకా పదేళ్లు పడుతుందంది రిత్సుకో. అంతవరకు తనుంటాడో లేడో! ఆమె ఇచ్చిన గుప్పెడు గింజలు కొసావా తీసుకెళ్లి, వండించి, అమ్మ పటం ముందు పెట్టాడు.

"నువ్వూ తిను," అంది సుయె.

తొకుజి రెండు చేతులా గిన్నె ఎత్తాడు. దానికి మూత లేదు.

"తప్పయిపోయిందే అమ్మా," అన్నాడు.