బందరు పార్కులో మా అద్దకం బట్టలు

ఆ రోజుల్లో మా పెడనలో ఆడపిల్లలకు రంగులు కలపడం నేర్పేవారుగానీ అక్షరాలు నేర్పేవారు కాదు. అందుకే ఈ ముచ్చట ఇన్నేళ్లూ నోటితోనే చెప్పాను. చెప్పినప్పుడల్లా మా మేనత్త మధ్యలో దూరి, తప్పంతా పార్కువాళ్లదే అనేసేది. ఆవిడ పోయాక, మనవరాలి పక్కన కూర్చుని గుణింతాలు దిద్దుకున్నాక, ఇప్పటికి నా వంతు వచ్చింది.

నాకొచ్చిన గుడివాడ సంబంధం ఖాయమయ్యే ముందు పెళ్లికొడుకు ఒక పేచీ పెట్టాడు. తనంటే ఇష్టమో కాదో పిల్ల నోటితోనే వినాలట, అదీ బందరు పార్కులో. వినకపోతే సంబంధం వద్దని వాళ్ల నాన్నతో చెప్పేస్తాడట. (బందరులో ఏదో ఇటలీ సినిమా చూశాడు లెండి. అందులో జంటలన్నీ పార్కు బెంచీల మీద ప్రేమించుకోవడం, పోట్లాడుకోవడమేనట. భాష ఒక్క ముక్క అర్థం కాలేదుగానీ, బెంచీ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయని మాత్రం అర్థమైందట.) నాకతను ముందే నచ్చాడు. పెళ్లిచూపుల్లో వేడి కాఫీ గభాలున తాగి, నాలుక కాల్చుకుని, కళ్లనీళ్లతో "బాగుందండీ" అన్నప్పుడే. ఆ సంగతి చెప్పడమే మిగిలింది.

నాకు తోడుగా మేనత్త బయల్దేరింది. ఉతికిన అద్దకం బట్టలు ఇంట్లో వదిలితే తడి మడతల్లో రంగు అంటుకుంటుందని, దారిలో ఎక్కడైనా ఆరేయొచ్చని, ఆ మూట నెత్తిన పెట్టుకునే వచ్చింది. బెంచీకి ఆ చివర అతను, ఈ చివర నేను. "మీకు... ఇష్టమేనాండీ?" అన్నాడు. నేను నోరు తెరిచాను. "ఇంత పచ్చగడ్డి ఊరికే పడుందేమిటే! ఇలా రా, ఈ కొస పట్టుకో!" అని అత్త కేక. మా అద్దకం పనిలో బట్టను గడ్డిమీద పరిచి నీళ్లు చల్లుతుంటేనే రంగు తేలుతుంది మరి. పెళ్లికొడుకు చేత కుళాయి నీళ్లు కూడా మోయించింది. ఇంతలో కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, ఇది పార్కనుకున్నావా, చాకిరేవనుకున్నావా?"

"కాస్త ఎండ తగలనీ నాయనా, నీ గడ్డి మేమేం మేస్తామా?" అంది అత్త.

పక్క బెంచీ మీద గుసగుసలాడుకుంటున్న జంట కూడా లేచొచ్చి బట్టలు మడతపెట్టారు. పాపం, కాపలాదారు వాళ్లనీ మాతోబాటే గేటు బయటికి పంపేశాడు. పెళ్లికొడుకు నీళ్లోడుతున్న పంచె పిండుకుంటూ, "రేపు పొద్దున బండికి గుడివాడ వెళ్తున్నానండీ" అని మొహం వేలాడేసుకుని వెళ్లిపోయాడు.

చీటీ పంపుదామంటే నాకు అక్షరం ముక్క రాదు. గుడివాడ వెళ్లే రైలు మా ఊరి మీదుగానే పోతుంది కనుక, మర్నాడు పొద్దున్నే పెడన స్టేషనుకు వెళ్లాను. బందరు నుంచి బండి వచ్చి ఆగింది. అతను ఏ పెట్టెలో ఉన్నాడో తెలియదు. ప్రతి కిటికీ దగ్గరా "ఇష్టమేనండీ! ఇష్టమేనండీ!" అని అరుచుకుంటూ ప్లాట్‌ఫారం పొడవునా పరుగెత్తాను. ఒక పెట్టెలోంచి ఎవరో తాతగారు "సంతోషం తల్లీ!" అన్నారు. (ఆ పిల్లకు అంత గొంతు ఎక్కడిదో! ఇప్పుడు పక్కగదిలోకి కేకేయాలన్నా నాకు దగ్గొస్తుంది.) చివరి పెట్టెలోంచి అతను తల బయటపెట్టి, మొహమంతా నవ్వుతో, "ఇంకోసారి అనండీ" అన్నాడు. రొప్పుతూనే ఇంకోసారి అన్నాను.